కాటా చీటీలో లేని పద్దు

 

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ వైపు నుంచి వచ్చినా ముద్దనూరు, ఎర్రగుంట్ల దారుల్లో లారీ వెనక చిక్కుకుని బస్సు కిటికీ మూసుకున్నవాళ్లే ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీరంతా. సున్నపురాయి, సిమెంటు, నాపరాళ్లు, కలమల్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ బూడిద, అన్నీ ఆ చక్రాల మీదే పోతాయి. మా ఇంట్లో పరిచిందీ ఆ బండలే, కాబట్టి లారీని తిట్టను.

2024 నవంబరులో ఆ బూడిద ఎవరి లారీలు తోలాలన్నదానిపై జమ్మలమడుగు, తాడిపత్రి నాయకుల మధ్య రచ్చయి ముఖ్యమంత్రి దాకా పోయింది. బూడిదకెంత గిరాకీ ఉందో అందరికీ తెలిసింది. దాన్ని పీల్చేవాళ్ల వాటా మాట మాత్రం ఆ గొడవలో నా చెవిన పడలేదు.

ఇక రోడ్డు సంగతి. సివిల్ ఇంజనీరింగు చదివినవాళ్లకు తెలిసిన లెక్కే: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు 16 రెట్లు. 2018లో కేంద్రం మూడిరుసుల లారీ పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కు పెంచింది. ఆ దెబ్బ ఖరీదు ఎవరి ఖాతాలో రాశారు? పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వయసు చూస్తుంది గానీ తిరుగుడు చూడదు. వారానికో ట్రిప్పు వేసే ముసలి లారీకీ, రోజుకు నాలుగు కొట్టే దాని ఈడుదానికీ ఒకటే రేటు. స్విట్జర్లాండులో 2001 నుంచి లారీల దగ్గర బరువు, కిలోమీటర్లు, పొగ మూడూ లెక్కగట్టి వసూలు చేస్తున్నారు. ఆల్ప్స్ కొండల కింద రైలు సొరంగాలకు ఆ డబ్బూ పోయింది.

ఇక్కడా అలా వసూలు చేద్దామంటే, కిస్తులు కట్టుకునే లారీ ఓనరు ఎక్కడి నుంచి తెస్తాడు అంటారు. న్యాయమైన మాటే. అతన్ని అడగొద్దు, సరుకు ఎక్కించినవాళ్లను అడగండి. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా ఉంది. ప్రతి లారీ బరువూ కిలోలతో సహా చీటీ మీద పడుతుంది, వాళ్ల డబ్బంతా ఆ బరువులోనే ఉంది మరి! దానికి దూరం, పొగ కలిపి లెక్క కట్టాలి. వచ్చిన సొమ్ము ఎక్కడో ఖజానాలో కలవకుండా దారి పక్క పంచాయతీకే జమ కావాలి: రోడ్డు తడిపే ట్యాంకరుకు, ఊరవతల లారీల బాటకు, ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుకు. సిమెంటు బస్తా కొంచెం ప్రియమవుతుంది. కానీండి, ఇళ్లు కట్టుకునేదీ మనమే కదా.

మీలో కొందరు రేపు ఆ గేటు లోపలే ఉద్యోగాల్లో చేరతారు. కాటా గదిలోకి వెళ్లినప్పుడు ఆ చీటీ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఇంకో రెండు అంకెలు వేయడానికి చోటుంటుంది.