మూగజీవులయెడల మన బిడ్డలకు కనికరము

(శతవార్షికోత్సవ కూటములో సండేస్కూలు ఉపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగము)



మన శతవార్షికోత్సవ ఊరేగింపునకు ముందు ఒక ఏనుగును నడిపించిన బాగుండునని కొందరు పెద్దలు సూచించిన సంగతి మీరెరుగుదురు. సండేస్కూలులో బోధించు మేమును సంతోషించినాము. బిడ్డలతో చెప్పగా వారు చప్పట్లు కొట్టినారు. అయితే రెండవ తరగతి చదువు పిల్ల ఒకతె లేచి, "టీచరుగారూ, ఎండలో తారురోడ్డు మీద నడవాలి గదా, ఏనుగుకు చెప్పులుండవు గదండీ?" అని అడిగినది. మాకు జవాబు తోచలేదు. జవాబు కొరకు మేము విచారించి తెలుసుకొన్న సంగతులే ఈ దినమున మీ యెదుట ఉంచుచున్నాము.

ఏనుగు ఎంత పెద్దదైనను దాని అరికాలు మెత్తనిది. మనవలె దానికి ఒళ్లంతా చెమట పట్టదు. చెవులు విసురుకొని, నీళ్లు, బురద చల్లుకొని వేడి తీర్చుకొనును. అడవిలో ఒక పెద్ద ఆడ ఏనుగు వెంట తల్లులు, పిల్లలు గుంపుగా నడచును. తల్లి తన పిల్లను ఇంచుమించు 22 నెలలు మోసి కనును. పెరిగిన ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత మేయును. అట్టి ప్రాణిని కాలికి గొలుసు వేసి ఒకేచోట కట్టి ఉంచినయెడల పాదములు పుండ్లుపడును, గోళ్లు చెడును. ఊరేగింపులో అది తొండమెత్తినప్పుడు మనకు నమస్కారము కనబడును గాని, అంకుశపు పోటు కనబడదు. మావటిని నిందించుట మా ఉద్దేశము కాదు. అతనికిని పిల్లలున్నారు. అద్దె ఇచ్చి పిలుచువారము మనమే.

బిడ్డలకు జంతువులనిన ఇష్టము పుట్టుకతోనే వచ్చును. కనికరము మాత్రము నేర్పవలెను. టోక్యో నగరపు ఉయెనో జంతుప్రదర్శనశాలలో 1943లో, యుద్ధకాలమున, మూడు ఏనుగులను ఆకలితో మాడ్చి చంపినారు. యుద్ధము ముగిసిన పిమ్మట అక్కడి బిడ్డలు తమకొక ఏనుగు కావలెనని కోరగా, నెహ్రూగారు 1949లో ఇందిర అను ఏనుగును పంపినారు. యుద్ధములో నలిగిన ఆ పసివారి ఆనందము నిజమైనదే. అయినను ఇందిర 1983లో అక్కడనే చనిపోయినది. ఏనుగు నాకు కావలెననుట ఇష్టము; ఏనుగుకు ఏమి కావలెనని అడుగుట కనికరము.

మన గ్రంథము ఈ పాఠము ఏనాడో నేర్పినది. విశ్రాంతిదినము ఎద్దుకును గాడిదకును కూడ ఇయ్యబడినది. బిలాము తన గాడిదను ముమ్మారు కొట్టినందుకు దూత అతనిని నిలదీసినాడు. నీనెవె పట్టణముపై జాలిపడిన దేవుడు అందలి పశువులను సయితము జ్ఞాపకము చేసికొన్నాడు.

దేశపు చట్టములును ఉన్నవి. 1960లో జంతుహింస నివారణ చట్టము, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినవి. ఎలుగుబంటిని, కోతిని, పులిని, సింహమును ఆడించి చూపుట 1998లో నిషేధింపబడినది. మన వసారాలో రామచిలుకను పంజరములో ఉంచుటయు నేరమేనని మనలో ఎందరికి తెలియును? పంజరము ఇంట ఉంచుకొని సండేస్కూలులో పిచ్చుక పాఠము చెప్పించిన బిడ్డ దేనిని నమ్మును? తల్లిదండ్రులారా, వారు మన నోటిని గాక మన చేతులను చూచుచున్నారు.

కమిటీవారు మా మాట మన్నించి ఏనుగును మానుకొన్నారు. ఆ అద్దె సొమ్ముతో దేవాలయపు గోడ వెలుపల పశువులకు నీళ్ల తొట్టి కట్టించినారు. బిడ్డలు వంతులవారీగా దానిని నింపుచున్నారు. మొదట ప్రశ్న అడిగిన చిన్నదే మొదటి బిందె పోసినది. ఊరేగింపు ఒక్క పూటలో ముగియును. ఆ తొట్టి మాత్రము ఏ ఎండకాలమందును ఎండకుండునట్లు మనమందరము చూచుకొందుము గాక.

ఆమేన్.