కొత్త టైమర్ డ్రైవర్ రివ్యూ: తేదీ 95 ఏళ్లు ఎందుకు దూకింది?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం లోతుకి వెళ్దాం, కెర్నల్ దాకా. లైనక్స్ కెర్నల్‌కి ఎవరైనా కొత్త హార్డ్‌వేర్ టైమర్ డ్రైవర్ రాసి పంపితే, దాన్ని రివ్యూ చేసేటప్పుడు నేను ఏం చూస్తాను అనేది టాపిక్. "మాకెందుకు బ్రో ఇదంతా" అనకండి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లైనక్స్ కెర్నల్ మీదే. పొద్దున మోగే అలారం, వీడియోలో ఆడియో సింక్, అన్నీ చివరికి టైమర్ దగ్గరికే వస్తాయి.

ముందు నిజంగా జరిగిన ఒక విషయం. ఆల్‌విన్నర్ ఏ64 అని ఒక చిప్ ఉంది. పైన్‌ఫోన్‌లో ఉన్నది అదే. ఈ చిప్ మీద లైనక్స్ నడిపితే ఉన్నట్టుండి తేదీ 95 ఏళ్లు ముందుకు దూకేసేది. తేదీ అలా మారితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లన్నీ గడువు దాటిపోయినట్టు కనిపిస్తాయి. ఇంక బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు. సరే, కరెక్ట్‌గా 95 ఏళ్లే ఎందుకు? దానికి ముందు టైమర్ ఎలా పని చేస్తుందో చూద్దాం.

టైమర్ చేసే పనులు రెండే. ఒకటి, ఆగకుండా లెక్కపెట్టడం. దీన్ని లైనక్స్‌లో క్లాక్‌సోర్స్ అంటారు. రెండోది, ఫలానా లెక్క దగ్గర ప్రాసెసర్‌ని లేపడం. దీన్ని క్లాక్‌ఈవెంట్ అంటారు. ఈ రెండింటి గురించీ కెర్నల్‌కి చెప్పేదే డ్రైవర్. కోడ్ చిన్నదే. కానీ ఇది చెప్పిన మాటని కెర్నల్ మొత్తం నమ్ముతుంది. అందుకే నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది: కౌంటర్ ఎన్ని బిట్లు? పాత బండి మీటర్ 99999 దాటితే మళ్ళీ 00000కి వస్తుంది కదా, ఇదీ అంతే. 24 మెగాహెర్ట్జ్ టైమర్ సెకనుకి 2 కోట్ల 40 లక్షల సార్లు లెక్కపెడుతుంది. 32 బిట్ల కౌంటర్ అయితే సుమారు 179 సెకన్లలో నిండి సున్నాకి వస్తుంది. డ్రైవర్ పొరపాటున "ఇది 64 బిట్లు" అని రాస్తే, సున్నాకి తిరిగిన సంగతి కెర్నల్‌కి తెలీదు. అక్కడే టైమ్ లెక్క తప్పుతుంది. ఇక్కడ అసలు ట్విస్ట్ ఏంటంటే, రాసినవాళ్లు బోర్డ్ ఆన్ చేసి 2 నిమిషాలు చూసి "వర్కింగ్" అనేస్తే, ఈ బగ్ వాళ్లకి కనపడనే కనపడదు.

రెండోది: 64 బిట్ల కౌంటర్‌ని రెండు ముక్కలుగా చదువుతున్నారా? పై సగం చదివి, కింది సగం చదివేలోపు కింది సగం నిండి సున్నా అయితే? పాత పై సగానికి కొత్త కింది సగం అతుక్కుంటుంది. టైమ్ 179 సెకన్లు వెనక్కి పోయినట్టు లెక్క. మందు సింపుల్: పై సగం, కింది సగం, మళ్ళీ పై సగం చదవాలి. పై సగం మారితే మొదటి నుంచి చదవాలి.

మూడోది: అలారం పెట్టేలోపే ఆ టైమ్ దాటిపోతే? చాలా టైమర్లు కౌంటర్ సరిగ్గా ఆ అంకెతో సమానమైనప్పుడే మోగుతాయి. ఆ అంకె దాటాక పెడితే, కౌంటర్ మొత్తం ఒక చుట్టు తిరిగి రావాలి. అంటే 32 బిట్ల కౌంటర్‌లో ఇంకో 179 సెకన్లు. మిల్లీసెకనులో అవ్వాల్సిన పనికి మూడు నిమిషాలు! అందుకే అలారం రాశాక డ్రైవర్ కౌంటర్‌ని మళ్ళీ చదివి, లేట్ అయితే "ఈటైమ్" అనే ఎర్రర్ తిరిగి ఇవ్వాలి.

నాలుగోది ఫోన్లకి చాలా ముఖ్యం: ప్రాసెసర్ గాఢ నిద్రలోకి వెళ్తే ఈ టైమర్ కూడా ఆగిపోతుందా? ఆగిపోతే "సీ3స్టాప్" అనే ఫ్లాగ్ పెట్టాలి. అప్పుడు కెర్నల్ నిద్రపోయేముందు ఆ అలారం పనిని ఇంకో టైమర్‌కి అప్పగిస్తుంది. పెట్టకపోతే నిద్రపోయినవాడినే "నన్ను లేపు" అని అడిగినట్టు.

ఇప్పుడు 95 ఏళ్ల సంగతి. ఏ64లో కౌంటర్ కింది బిట్లు నిండి తిరిగే క్షణంలో చదివితే తప్పు అంకె వచ్చేది. ఒక్కోసారి కాస్త వెనకటి అంకె. టైమ్ వెనక్కి పోతుందని కెర్నల్ అనుకోదు కదా! "ఓహో, కౌంటర్ మొత్తం ఒక చుట్టు తిరిగొచ్చింది" అనుకుంది. 24 మెగాహెర్ట్జ్ దగ్గర 56 బిట్ల కౌంటర్ ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం, కాలిక్యులేటర్‌లో కొట్టి చూడండి, దాదాపు 95 ఏళ్లు! ఇక్కడ తప్పు చిప్‌ది. కానీ చిప్‌ని విప్పి బాగుచేయలేం. అందుకే 2019లో కెర్నల్‌లో ఒక చిన్న జాగ్రత్త చేర్చారు: చదివిన అంకెలో కింది బిట్లన్నీ 0 గానీ అన్నీ 1 గానీ ఉంటే నమ్మకు, మళ్ళీ చదువు. అంతే, కొద్ది లైన్ల కోడ్.

అందుకే నేను రివ్యూలో "నా బోర్డ్‌లో పని చేస్తోంది" అనే మాటతో సరిపెట్టుకోను. "కౌంటర్ ఒక చుట్టు తిరిగేదాకా నడిపారా? నిద్రలోకి పంపి లేపారా?" అని అడుగుతాను. కెర్నల్ సోర్స్‌లోనే సెల్ఫ్‌టెస్ట్స్ లోపల టైమర్స్ అనే ఫోల్డర్ ఉంది. టైమ్ వెనక్కి పోతోందా అని చూసే టెస్ట్ కూడా అందులో ఉంది. దాన్ని ఒక రాత్రంతా నడిపి రిజల్ట్ పెట్టమంటాను.

మీలో బీటెక్ చదువుతూ మొదటి ప్యాచ్ పంపుతున్నవాళ్లు ఉంటే, రివ్యూలో ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఫీల్ అవ్వకండి. అవి మీ తెలివి మీద డౌట్‌తో వేసేవి కావు. టైమర్‌లో బగ్ సరిగ్గా అంచు దగ్గరే దాక్కుంటుంది. అక్కడిదాకా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. మనం చూడకపోతే, ఆ ఫోన్ కొన్నవాళ్లు చూస్తారు.

మీకు తెలిసిన విచిత్రమైన టైమ్ బగ్ ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. ఉంటా మరి, బై!