దసరాకు వచ్చు అతిథులు



దసరానాడు మనము పాలపిట్టను చూడగోరుదుము. శరత్కాలమున మన పూర్వులు మరియొక పిట్టకొరకును ఎదురుచూచిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజన దర్శనమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఖంజనమనగా కాటుకపిట్ట, నీటియొడ్డున తోక నాడించుచు పరుగెత్తు జిట్టంగి. శకునములను నమ్మినను మానినను, దాని రాక మాత్రము సత్యము. ఇందు నలుపు తెలుపుల పెద్దజాతి ఏడాది పొడవునను ఇచ్చటనే యుండును. పసుపుపచ్చని పొట్టగల బూడిదవన్నె జాతి ఉత్తరదేశమునుండి వచ్చును. సముద్రతీరమున ఉల్లంకులు దిగు ఋతువుననే ఇది మన కొండవాగులకు దిగును.

అంతకన్న చిన్న అతిథి మరియొకటి కలదు. గ్రీనిష్ వార్బ్లర్ అని ఆంగ్లనామము. పచ్చఛాయగల ఈ పిట్ట పది గ్రాములైనను తూగదు. హిమాలయములందును, ఆవలి ఉత్తరారణ్యములందును పిల్లలను పెంచి, చలికాలమునకు మన దేశము చేరును. ట్రెవర్ ప్రైస్ అను శాస్త్రజ్ఞుడు మన లంబసింగి ప్రాంతమున దీనిని పరిశీలించి 1981లో ప్రకటించెను. ఒక్కొక్క పిట్ట కొన్ని చెట్లను తన కమతముగా జేసికొని, ఇతరులు రాకుండ కాచుకొనునట. ఆకులపైని పురుగులే దాని పంట. ఆ కమతమునకు పట్టా లేదు. ఏ అడంగలులోను అది యెక్కదు. ఆ చెట్లు నరికినచో పక్కచెట్టు నాశ్రయింపుమనుటకు వీలులేదు; అది అప్పటికే మరియొక పిట్ట స్వాధీనమున నుండును.

మన అరకు కాఫీతోటలు నీడచెట్ల క్రిందనే పెరుగుచున్నవి. కావున రైతు సోదరులకు నా విన్నపము: ఎండిన చెట్టును తీయవలసివచ్చినచో దాని చోట మరియొకటి నాటుడు. ఒకే జాతిని గాక పనస, మామిడి వంటి పలుజాతుల నుంచుడు. బాలురారా, ఉండేలు ప్రక్కన బెట్టి కన్నులతో గురిచూడుడు.

గ్రంథాలయమునకు ఒక మనవి. ఈ యేటినుండి ఒక పుస్తకము తెరచి, పసుపుపొట్ట జిట్టంగిని మొదట చూచినవారి పేరు, తేదీ, వాగు పేరు వ్రాయింపుడు. చదువరాని వారు చెప్పినను చదివినవారు వ్రాయవచ్చును. కొండవాగుల నెరిగినవారు మనలో వారే యెక్కువ. స్వర్ణోత్సవము నాటికి 25 తేదీలు చేరును. పిట్టలు ముందుగా వచ్చుచున్నవో, ఆలస్యముగా వచ్చుచున్నవో, అసలు రాకున్నవో ఆ పద్దు మన పిల్లలకు చెప్పును. సెలవు.