ఆసుపత్రి మంచం దగ్గరి కాగితం: పనిలో గాయపడినవారి పరిహార హక్కు
(అప్పనపల్లి, స్నాతకోత్సవ ప్రసంగం)

పని చేస్తూ గాయపడిన మనిషికి, పనిలో ప్రాణం పోయినవాడి కుటుంబానికి యజమాని చెల్లించవలసిన సొమ్ము పేరు నష్టపరిహారం. అది దయాదానం కాదు, జీతంలో కోసుకునే అప్పూ కాదు. యజమాని తప్పు వల్లే గాయమైందని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. పని వల్ల, పనిలో ఉండగా తగిలిందని చూపితే చాలు. ఈ సూత్రం మన దేశంలో 1923లో చట్టమై 1924 జులై 1 నుంచి అమలైంది. 2009 సవరణ దాని పేరును ఉద్యోగుల పరిహార చట్టంగా మార్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఏడో అధ్యాయం ఇప్పుడు ఆ చోటు తీసుకుంది. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. ప్రధాన సూత్రాలు రెండింటిలోనూ ఒకటే.

ఈ రోజు పట్టాలు అందుకుంటున్నవారికి అభినందనలు, వారిని ఇంతదాకా చదివించిన తల్లిదండ్రులకు నమస్కారాలు. స్నాతకోత్సవానికి ఈ విషయాన్నే ఎంచుకోవడానికి కారణం ఈ ఊరే. వైనతేయ నది గట్టున ఉన్న అప్పనపల్లిలో బాల బాలాజీ గుడి వెనక ఒక కొబ్బరి వ్యాపారి భక్తి ఉంది. ఆ కొబ్బరి వెనక దింపు కార్మికులు, వలుపు కార్మికులు, పీచు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు ఉన్నారు. కాళ్లకు బంధం వేసుకుని రోజుకు పదుల చెట్లు ఎక్కి దిగేవాడికి ఒక్కసారి కాలు జారితే, ఆ ఇంటి లెక్కలన్నీ తలకిందులవుతాయి. పట్టభద్రుల్లో చాలామంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారే.

ఈ మండలానికి పెద్ద ప్రమాదాలు కొత్త కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. అలాంటి రోజుల్లో ప్రభుత్వాలు, సంస్థలు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాయి. ప్రకటన వేరు, హక్కు వేరు. నగరంలో కాలిపోయినవారిలో ఎక్కువమంది ఇళ్లలో నిద్రపోతున్న ఊరివాళ్లు. వారు ఆ సంస్థ ఉద్యోగులు కారు కాబట్టి కార్మిక పరిహార చట్టం వారిని తాకదు. ప్రమాదకర పదార్థాల వల్ల బయటివారికి కలిగే నష్టం కోసం, భోపాల్ విషాదం తర్వాత, 1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం అని వేరే చట్టం వచ్చింది. అదే పైప్‌లైన్ దగ్గర కూలికి వెళ్లిన మనిషికి గాయమైతే దారి మారుతుంది. అతను కాంట్రాక్టరు మనిషైనా సరే, ఆ పని ఎవరి వ్యాపారంలో భాగమో ఆ అసలు యజమాని నుంచి పరిహారం అడగవచ్చు. ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం యజమాని బాధ. "మా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చాడు" అనే మాట ఈ చట్టం ముందు నిలవదు.

ఎవరు ఉద్యోగి అన్నదానికి చట్టంలో ఒక పొడవాటి పట్టిక ఉంది. వస్తువులు తయారయ్యే ఏ ఆవరణలోనైనా పని చేసేవారు దానిలో ఉన్నారు. ఆరుగురితో నడిచే పీచు ఫ్యాక్టరీ కూడా అందులోకే వస్తుంది. కల్లుగీత, చెట్లు కొట్టడం, కట్టడం పనులు, యంత్రాలతో చేసే వ్యవసాయం పేర్లతో సహా ఉన్నాయి. నాలుగు రోజుల పనికి వచ్చినవారిని పక్కన పెట్టే మాట ఒకటి పాత చట్టంలో ఉండేది, 2000 సవరణ దాన్ని తీసేసింది. దింపు కార్మికుడి దగ్గర వచ్చే చిక్కు మరొకటి. అతను పొద్దున ఒక తోటలో, మధ్యాహ్నం మరో తోటలో ఎక్కుతాడు. యజమాని ఎవరు? తోట రైతా, కాయ కొనుక్కున్న వ్యాపారా? ఆ రోజు ఎవరు పిలిచారో, కూలి ఎవరి చేతి నుంచి వచ్చిందో చూపగలిగితేనే దావా నిలుస్తుంది. ఈ గొడవ లేకుండా కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్లెక్కేవారికి కేర సురక్ష అనే బీమా పెట్టింది. దాని సంగతి తెలియని దింపు కార్మికులే ఎక్కువ. పట్టా పుచ్చుకుని ఇంటికి వెళ్లే కొడుకో కూతురో తండ్రి చేత ఆ దరఖాస్తు పెట్టించవచ్చు.

పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం మాటేమిటి? పడవ దాటి పనికి వెళ్లిన తరాలున్న ఈ ప్రాంతానికి ఇది దగ్గరి ప్రశ్న. పోర్‌బందర్ దగ్గర ఉప్పు తయారీ పని ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న కూలీలు 1952లో పడవ మునిగి చనిపోయారు. అందరూ ఎక్కే పడవ రేవు పని చోటు కాదంటూ 1958లో సుప్రీంకోర్టు వారి కుటుంబాలకు పరిహారం లేదంది. ఆ తీర్పు చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తర్వాతి తీర్పులు మెల్లగా ఈ గీతను జరుపుతూ వచ్చాయి. 2025 జులైలో, చక్కెర మిల్లు కాపలా పనికి వెళ్తూ దారిలో మరణించిన మనిషి కేసులో, ప్రయాణానికీ ఉద్యోగానికీ వేళ, చోటు, పరిస్థితుల సంబంధం కనిపిస్తే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త కోడ్‌లో ఆ సూత్రం నేరుగా రాసి ఉంది.

యజమానికి మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. మూడు రోజులకు మించని గాయానికి పరిహారం లేదు. తాగి ఉండటం, కావాలని భద్రతా నియమం మీరడం, యంత్రానికున్న రక్షణ తొలగించడం వల్ల గాయమైతే యజమాని తప్పించుకోవచ్చు. కానీ ఆ కారణాలతో కూడా మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ ఇవ్వాల్సిన సొమ్మును ఎగ్గొట్టడానికి వీల్లేదు. "తాగి ఉన్నాడు" అన్న మాట వినగానే ఆశ వదిలేసుకునే విధవరాళ్లు తెలుసుకోవాల్సిన వాక్యం ఇదే.

లెక్క కట్టే తీరు తెలిస్తే బేరం భయపెట్టదు. మరణమైతే నెల జీతంలో సగాన్ని, శాశ్వత పూర్తి వైకల్యమైతే 60 శాతాన్ని తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునే నెల జీతానికి గరిష్ఠం 15,000 రూపాయలు. 35 ఏళ్ల వయసుకు అంకె 197.06. నెలకు 12,000 సంపాదించే 35 ఏళ్ల పీచు ఫ్యాక్టరీ కార్మికుడికి ఒక చేతి నాలుగు వేళ్లు పోయాయనుకుంటే, 12,000లో 60 శాతం 7,200. దాన్ని 197.06తో హెచ్చిస్తే 14,18,832. నాలుగు వేళ్లకు పట్టిక చెప్పే సంపాదన నష్టం 50 శాతం. అంటే రావలసింది 7,09,416 రూపాయలు. అదే మనిషి చనిపోతే కుటుంబానికి 11,82,360. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు దీనికి అదనం. కొంతకాలమే పనికి వెళ్లలేని గాయమైతే, ఆ కాలమంతా పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలి. ఇది ఐదేళ్ల దాకా సాగవచ్చు.

పట్టికలోని శాతమే ఆఖరి మాట కాదు. 1968లో ఒడిశాలోని ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడి, ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేయవలసి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికిది నూరు శాతం నష్టమేనని నష్టపరిహార కమిషనర్ తేల్చాడు, 1975లో సుప్రీంకోర్టు సమర్థించింది. పోయింది ఎంత అవయవమని కాదు, మిగిలిన ఒంటితో ఆ మనిషి తన పని చేయగలడా అని చూడాలి. దింపు కార్మికుడి పాదానికీ, కుట్టుపని చేసే అమ్మాయి బొటనవేలికీ ఈ తీర్పు పనికొస్తుంది.

సొమ్ము ప్రమాదం జరిగిన నాటి నుంచే బాకీ అవుతుంది. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా పడవచ్చు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది యంత్రం కాదు, కాగితం. కార్మికుల దావాలు నడిపిన ఈ ప్రసంగకర్తకు వృత్తిలో అడుగుపెట్టిన తొలి ఏళ్లలోనే ఆ సంగతి అర్థమైంది. ఒక పీచు యంత్రం కుడిచేతి వేళ్లు లాగేసిన మనిషి ఆసుపత్రిలో పడుకుని ఉన్నాడు. నాలుగో రోజున యజమాని తరఫున ఒక కుర్రవాడు వచ్చాడు. అతని చేతిలో తెల్ల కాగితం, ఇంకు ప్యాడు ఉన్నాయి. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకున్నాడు. ఇరవై వేలు ముట్టాయని, ఇకపై తనకుగానీ తన వారసులకుగానీ యజమానిపై ఏ హక్కూ లేదని ఆ కాగితంలో ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దాన్ని రాసినది అదే ఊరి కుర్రవాడు, ఆ ఏడాదే డిగ్రీ పాసై ఆ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి చేరినవాడు. తనవల్ల ఆ కుటుంబానికి ఇరవై వేలు వచ్చాయని నిజంగా నమ్మాడు. విచారణలో సాక్ష్యం చెప్పేటప్పుడు తన రాతను తానే చదువుతూ తల ఎత్తలేకపోయాడు.

ఆ కాగితం చెల్లలేదు. పరిహార హక్కును వదులుకునే ఏ ఒప్పందమూ చట్టరీత్యా చెల్లదు, ముద్ర వేసినా, సంతకం పెట్టినా, నలుగురు పెద్దమనుషులు సాక్షులుగా నిలిచినా. కానీ అది చెల్లదని తెలియక కోర్టు గుమ్మం ఎక్కనివారు ఎందరో. తెలుగు ఊళ్లలో పెళ్లికి శుభలేఖ రాయాలన్నా, బ్యాంకు ఫారం నింపాలన్నా, ఆసుపత్రి మంచం దగ్గర రాజీ కాగితం రాయాలన్నా చదువుకున్న పిల్లలనే పిలుస్తారు. ఈ రోజు పట్టా తీసుకున్నవారినీ పిలుస్తారు. వీరిలో కొందరు రేపు సూపర్‌వైజర్లు, అకౌంటెంట్లు, సైట్ ఇంజనీర్లు అవుతారు. ఏళ్ల తరబడి పుస్తకాలు చదివి, తాము రాసే నాలుగు వాక్యాల అర్థం తెలుసుకోకుండా పేదవాడి వేలికి ఇంకు పూసేవారిని పెద్దలు మందలించాల్సిందే. ఎవరి కొలువులో ఉన్నా సరే, ఆ పని చేయనని చెప్పే ధైర్యం కొంచెం చదువుతోనే రావాలి. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే పరిహార హక్కుల గురించి ఉద్యోగికి రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పడం 2017 నుంచి యజమాని విధి. చెప్పకపోతే పాత చట్టంలో 50,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా ఉండేది. ఆఫీసులో ఆ కాగితం తయారుచేసే చేయి కూడా పట్టభద్రుడిదే అవుతుంది.

రాయకూడని కాగితం ఆ రాజీ కాగితమైతే, రాయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆసుపత్రిలో మొదటి చీటీ రాసేటప్పుడే "ఫ్యాక్టరీలో పని చేస్తుండగా" అని వైద్యుడికి చెప్పి రాయించాలి. "జారి పడ్డాడు" అని ఒక్క మాట పడితే రెండేళ్లు వాదించాల్సి వస్తుంది. కూలి ఇచ్చిన పుస్తకం పేజీ, ఫోన్‌పే రసీదు, హాజరు పట్టీ ఫొటో, పక్కన పనిచేసినవారి పేర్లు దాచుకోవాలి. ప్రమాదం గురించి యజమానికి వీలైనంత త్వరగా రాతలో తెలపాలి. నోటీసు ఇవ్వలేదన్నది ఒక్కటే దావాను చంపదు, యజమానికి మరో దారిలో సంగతి తెలిసి ఉంటే చాలు.

దావాకు గడువు ప్రమాదం లేదా మరణం జరిగిన నాటి నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే దావా వినే కార్మిక శాఖ అధికారి మన్నించవచ్చు. ప్రమాదం హైదరాబాదులో జరిగినా, కుటుంబం ఉండే జిల్లాలోని కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. చదువు రానివారు కోరితే ఆ దరఖాస్తును కార్యాలయమే రాయించాలి. వకీలు తప్పనిసరి కాదు, రిజిస్టరైన కార్మిక సంఘం ప్రతినిధి వాదించవచ్చు. మరణ కేసులో యజమాని సొమ్మును అధికారి దగ్గరే జమ చేయాలి. దినకర్మల నాడు బంధువుల చేతిలో పెట్టిన డబ్బు పరిహారం చెల్లించినట్టు కాదు. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరికెంతో అధికారి నిర్ణయిస్తారు.

పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెలకు 21,000 దాకా జీతమున్నవారికి సాధారణంగా ఈఎస్ఐ వర్తిస్తుంది. అక్కడ పరిహారం యజమాని నుంచి కాక ఈఎస్ఐ సంస్థ నుంచి, సగటు రోజు కూలిలో 90 శాతం చొప్పున వస్తుంది. గాయం ఒకటే కాబట్టి రెండు చోట్లా తీసుకోవడానికి లేదు. కార్డు చేతికి రాలేదని ఊరుకోకూడదు. జీతంలో 0.75 శాతం కోత పడుతోందో లేదో చూసుకుంటే తెలుస్తుంది.

కువైట్‌కు, మస్కట్‌కు వెళ్లే కోనసీమ ఆడపడుచులకు ఈ చట్టం చేరదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంది. విజిట్ వీసా మీద ఏజెంటు పంపిస్తే ఆ రక్షణ పోతుంది. పాలసీ నకలు ఇంట్లోనూ ఒకటి ఉండాలి.

అధికారి తీర్పు మీద అప్పీలు హైకోర్టుకు, 60 రోజుల్లో, అదీ ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే. అప్పీలుకు వెళ్లే యజమాని ముందుగా తీర్పు సొమ్ము మొత్తాన్ని అధికారి దగ్గర జమ చేసి, ఆ ధ్రువపత్రం జత చేయాలి. అప్పీలు లేకుండా, సొమ్మూ కట్టకుండా కూర్చుంటే దాన్ని భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు.