నర్మద ఒడ్డున ఇద్దరం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా నర్మదా పరిక్రమ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేనూ మా ఆవిడా ఓంకారేశ్వర్‌లో బయలుదేరాం. 1,312 కిలోమీటర్ల నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, మధ్యలో దాటకుండా, రెండు ఒడ్లూ నడవాలి. సముద్రంలో కలిసేచోట మాత్రం పడవ.

తెల్లవారుజామునే దుప్పట్లు మడిచి, సంచులు వీపున వేసుకుని, ఎండ ముదిరేలోపు సగం దూరం నడిచేవాళ్లం. రాత్రి ఆశ్రమంలోనో, ఎవరి అరుగు మీదో మకాం. ఊళ్లవాళ్లు ‘నర్మదే హర్’ అంటూ పిలిచి రొట్టె, పప్పు పెట్టేవారు. కొన్నిచోట్ల పిండీ బియ్యం ఇస్తే మేమే వండుకునేవాళ్లం.

ఇంజనీరు బుద్ధి కదా, రోజుకిన్ని కిలోమీటర్లని లెక్కవేసుకుని నేను ముందు నడిచేవాణ్ణి. ఒకరోజు వెనక్కి చూస్తే ఆవిడ లేదు. గుండె ఆగినంత పనైంది. అరగంట వెనక్కి నడిస్తే, చెట్టు కింద వాచిన మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ కనిపించింది.

‘‘పిలవొచ్చుగా?’’ అన్నాను.

‘‘పెళ్లయినప్పటి నుంచీ పిలుస్తూనే ఉన్నానండీ’’ అంది.

మర్నాటి నుంచి ఆవిడ ముందు, నేను వెనక. రోజుకు నడిచే దూరం తగ్గింది, మాటలు పెరిగాయి.

చిన్నప్పుడు మన మాస్టారు మనల్ని వేదాద్రికి నడిపించుకుపోతూ, ‘‘వెనకబడ్డవాడి అడుగే జట్టు అడుగురా’’ అనేవారు. కృష్ణ ఒడ్డున విన్న ఆ మాట నాకు నర్మద ఒడ్డున అర్థమైంది.

సెలవు.