నాటకం డబ్బు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను రెండుసార్లు బెంచీ ఎక్కించిన లెక్కల మాస్టారు కూడా వచ్చారు కాబట్టి ఇవాళ అంకెలు జాగ్రత్తగా చెప్తాను.

మన ఊరి కళాసమితి బడికి చేస్తున్న సాయం గురించి మాట్లాడమన్నారు. సమితి కోశాధికారిగా పద్దులు రాస్తున్నవాణ్ణి, ఆ వైపు నుంచే చెప్తాను.

మన సైన్సు ల్యాబు గుమ్మం మీద దాత పేరు ఉండదు. మిగతా గదులన్నిటికీ ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఎందుకో తోచలేదు. అది టిక్కెట్ల డబ్బుతో కట్టిన గది. ఎవరి పేరని రాస్తారు?

అప్పట్లో బెనిఫిట్ నాటకం అంటే మన గ్రౌండులోనే పందిరి. ముందు కుర్చీ, వెనక చాప, ఆ వెనక నేల. హరిశ్చంద్రుడు ఒక్కడు సరిపోడు. వారణాసి సీనుకు ఒకరు, కాటిసీనుకు ఇంకొకరు. రాయబారం అయితే ఇద్దరు కృష్ణులు. ఎవరి అభిమానులు వాళ్ళకుండేవాళ్ళు కాబట్టి టిక్కెట్లు తెగేవి. పద్యం పండితే 'వన్స్ మోర్' అని కేకలు. హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని ఉండగానే మైకులో చదివింపులు, ఫలానావారు నూటపదహార్లు అని. ఇది మన ఊరు కనిపెట్టింది కాదు. బళ్ళారి రాఘవ గారు వకీలు వృత్తి మీద బతుకుతూ, నాటకాల మీద వచ్చిన డబ్బు మంచి పనులకు ఇచ్చేసిన మనిషి. ఆ తరం నుంచి వచ్చిన అలవాటే ఇది.

ఆ రాత్రుళ్ళు మా నాన్న గేటు దగ్గర సోడా బండి పెట్టేవాడు. 1985లో నా పదో తరగతి పరీక్ష ఫీజు సమితి కట్టింది. ఈ సంగతి కోశాధికారినయ్యాక, పాత పద్దు పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. పేర్లు బయట చెప్పకూడదని అప్పటి తీర్మానం. నాన్నకు తెలుసో లేదో అడుగుదామంటే ఆయన లేడు.

ఇక డబ్బు నడిచే తీరు. నాటకం మీద మిగిలినదాంట్లో సగం బ్యాంకులో డిపాజిట్టు. దాని వడ్డీ తప్ప అసలు ముట్టుకోం. మిగతా సగం ఆ ఏటి ఖర్చుకు. హెడ్మాస్టరు గారు అవసరం రాసిస్తారు, తల్లిదండ్రుల కమిటీ సరేనంటుంది, మేము దుకాణం పేరనే చెక్కు రాస్తాం. బడికి నగదు ఇవ్వం. అనుమానం కాదు, హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, పద్దు మాత్రం ఉండిపోవాలి. టిక్కెట్టు 500 దాటకపోతే నాటకానికి జీఎస్టీ లేదు. విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే 2,000 పైన నగదు పనికిరాదు. ఇది ఏటా చెప్తాను, ఏటా ఎవరో ఒకరు కవరులో నోట్లు పెట్టి తెస్తారు.

2019లో నాడు-నేడు వచ్చాక మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు ప్రభుత్వం చూసుకుంది. ఇక సమితితో పనేముంది అనుకున్నాం. కానీ సాయంత్రం ఆరున్నర దాకా చదువుకునే పదో తరగతి పిల్లలకు గుప్పెడు గుగ్గిళ్ళు ఏ ఎస్టిమేటులో పెడతారు? బోర్డు కనపడక వెనకబడ్డ పిల్లాడికి కళ్ళజోడు? చీకటిపడ్డాక పక్క ఊరికి వెళ్ళే ఆడపిల్లల ఆటో కిరాయి? ఇప్పుడు మా చెక్కులు ఎక్కువగా వీటికే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నూరు రూపాయలు వసూలైతే అరవై దాకా నాటకానికే పోయేది. కళాకారుల పారితోషికం, డ్రస్సులు, మైకు, లైట్లు, పందిరి. నేను కరెంటు మనిషిని. లైన్ లాసు అరవై శాతం అంటే నిద్ర పట్టదు. 2017లో, నాటకం ఆపేద్దాం, అందరినీ ఫోనులోంచి నేరుగా పంపమందాం అన్నాను. ఒప్పుకున్నారు. మొదటి ఏడు వెనకటికన్నా ఎక్కువే మిగిలింది. రెండో ఏడు అందులో సగం. మూడో ఏడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఇచ్చినవాళ్ళ జాబితా చూస్తే అంతా ఊరు వదిలిన మనలాంటివాళ్ళం. చాప టిక్కెట్టు కొనే కూరగాయల ఆవిడ, ఆటో అబ్బాయి అందులో లేరు. వాళ్ళను మనం అడగనేలేదు. ఆ వానాకాలం వెనక ప్రహరీ కూలితే, నాటకం రోజుల్లో గుంజలు పాతడానికి వచ్చిన చేతులు ఒక్కటీ రాలేదు. నాలుగు నెలలు అలాగే ఉంది.

మళ్ళీ మొదలుపెడదామనేసరికి కరోనా. 2022లో గానీ తెర లేవలేదు. ఇప్పుడు పద్యానికి ముందు మన పిల్లల నాటిక ఒకటి వేయిస్తున్నాం. పిల్ల స్టేజీ ఎక్కితే ఇంటిల్లిపాదీ వస్తారు, నాయనమ్మతో సహా. అయినా ఖర్చు యాభై శాతం లోపలికి దిగలేదు. పద్యం పాడేవాళ్ళు తగ్గిపోయారు, ఉన్నవాళ్ళను దూరం నుంచి పిలవాలి.

మధ్యాహ్నం ఒక తీర్మానం వస్తోంది. సమితి డిపాజిట్టును మన సంఘంలో కలిపి, నాటకం మానేద్దామని. తెస్తున్నది నా బ్యాచ్ మిత్రులే. వాళ్ళ లెక్క తప్పని అనలేను, అది నేను వేసిన లెక్కే. నేను మాత్రం వద్దని చెయ్యెత్తుతాను. కలపాలనే నిర్ణయిస్తే ఒక్క షరతు పెట్టమని అడుగుతాను: గుగ్గిళ్ళ చెక్కు ఆ నెలలో కూడా ఆగకూడదు.

ఈసారి నాటకం సంక్రాంతి తర్వాతి శనివారం. కుర్చీ 200, చాప 50. రసీదు పుస్తకం నా సంచీలోనే ఉంది. భోజనాల దగ్గర కనపడతాను.