కన్నీటికీ సాక్ష్యపు విలువ ఉంది
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మాకు అప్పగించిన అంశం విషాద చిత్రాలు. చూసి ఇంటికి వెళ్లాక కూడా రోజుల తరబడి గుండెను వదలని చిత్రాలు. మేము చలనచిత్ర విమర్శకులం కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల నడుమ గడిపినవాళ్లం. కనుక ఈ చిత్రాలను గుమాస్తా కళ్లతోనే చూశాము, ఆ కళ్లకు కనిపించినదే మీకు విన్నవిస్తాము.

మా పేటలో నెలకొకసారి యువతీ యువకులను కూర్చోబెట్టి ఒక మంచి చిత్రం చూపి, తరువాత చర్చ జరుపుతున్నాము. ‘గర్మ్ హవా’ చూపిన రోజున ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి లేచి, “చాచా, మన ఇళ్లలో ఉన్న దిగులు చాలదా? దీన్ని కూడా ఎందుకు చూడాలి?” అని అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. పిల్లల మనసులకు భారం పెంచే హక్కు పెద్దలకు లేదు. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మనందరిదీ.

ముందుగా ఆ చిత్రం సంగతి. ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రచన చేయగా, ఎం.ఎస్. సత్యు దర్శకత్వం వహించారు. సెన్సారు అనుమతి కోసం నెలల తరబడి నిరీక్షించి 1974లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. అదే చిత్రానికి జాతీయ సమైక్యతపై ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. మన ప్రాంతానికీ అందులో వాటా ఉంది. కథానాయకుని భార్యగా నటించిన షౌకత్ ఆజ్మీ హైదరాబాదులో పెరిగిన బిడ్డ. అందులోని ఖవ్వాలీ పాడిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ హైదరాబాదు గాయకుడే.

కథ ఆగ్రాలో, గాంధీజీ హత్య తరువాతి రోజులలో జరుగుతుంది. సలీం మీర్జా చెప్పుల కర్మాగారం నడిపే పెద్దమనిషి. బంధువులు ఒక్కొక్కరే పాకిస్తాను రైలెక్కుతుంటారు. ఆయన మాత్రం కదలడు. ఇక్కడే ఉంటామని సభలలో గట్టిగా చెప్పిన అన్నగారే చాటుగా వెళ్లిపోతాడు. తాతల నాటి హవేలీ ఆ అన్న పేరున ఉన్నందున అది కాందిశీకుల ఆస్తి లెక్కలో చేరి, చేయి జారిపోతుంది. ఆయన వేరే ఇంటికై తిరుగుతాడు. పేరు వినగానే తలుపులు మూసుకుంటాయి. రేపు వెళ్లిపోతాడేమోనన్న అనుమానంతో బ్యాంకులో అప్పు పుట్టదు. అన్నకు ఇంటి పటం పంపినందుకు గూఢచారి అన్న నింద పడుతుంది. కోర్టు నిర్దోషి అంటుంది గానీ వీధి అనదు.

గుమాస్తా కళ్లతో చూడండి. ఈ విషాదంలో కత్తి కన్నా కాగితమే ఎక్కువసార్లు కనబడుతుంది. ఇల్లు ఎవరి పేరున ఉందన్న కాగితం, అప్పు దరఖాస్తు, ఇంటి పటం, పాస్‌పోర్టు. కుమార్తె అమీనాను పెళ్లాడడానికి సరిహద్దు దాటి వచ్చిన కాజింను కూడా తగిన పత్రాలు లేవనే పోలీసులు పట్టుకుపోతారు. ఒక కుటుంబం కూలిపోవడానికి ప్రతిసారీ అల్లరిమూక అవసరం లేదు. ఒక సంతకం, ఒక ముద్ర చాలు. ఈ పాఠం మా ఉద్యోగ జీవితంలో ఏ శిక్షణా తరగతిలోనూ మేము వినలేదు.

మామ్మగారి ఘట్టం మీలో చూసినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. హవేలీ ఖాళీ చేసే రోజున ఆ వృద్ధురాలు కట్టెల గదిలో దాక్కుంటుంది. తాను కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు ఎందుకు వదలాలో ఆమెకు ఏ చట్టమూ చెప్పలేకపోయింది. చివరి ఘడియలలో ఆమెను డోలీలో ఆ ఇంటికే మోసుకొస్తారు. అందుకు ఒప్పుకున్నది ఆ ఇంట్లో కొత్తగా చేరిన అజ్మానీ. ఆయన సింధు నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన హిందువు. ఈ చిత్రంలో మనకు శత్రువుగా చూపదగిన మతం ఏదీ లేదు. సలీం మీర్జాగా నటించిన బల్‌రాజ్ సాహ్నీ స్వయంగా రావల్పిండి ప్రాంతంలో పుట్టి, ఆ నేలను దేశ విభజనలో పోగొట్టుకున్నవాడు. ఊరు వదలనని పట్టుబట్టే ముస్లిం పాత్రకు ప్రాణం పోసింది ఊరు పోగొట్టుకున్న ఒక హిందువు. ఇంతకన్నా గొప్ప సమైక్యతా ప్రసంగం మేము చేయలేము.

ఇక అమీనా. మొదటి సంబంధం సరిహద్దుకు బలయింది. రెండవసారి మనసు ఇచ్చిన షంషాద్ అక్కడే మరో సంబంధానికి సిద్ధపడ్డాడని తెలిసి ఆమె ప్రాణం తీసుకుంటుంది. తలుపు తీసి చూసిన తండ్రి ముఖంలో కన్నీటి చుక్క లేదు. నిజ జీవితంలోనూ అప్పటికే కన్నకూతురిని పోగొట్టుకున్న తండ్రి బల్‌రాజ్ సాహ్నీ. చిత్రం విడుదల కాకముందే, 1973 ఏప్రిల్ 13న, ఆయన కన్నుమూశారు.

ఈ ఘట్టం దగ్గర తల్లిదండ్రులకు ఒక మాట. ఆ ఇంట్లో అందరూ అమీనాను ప్రేమించినవారే. ఆమె లోలోపల ఏమి అనుభవిస్తున్నదో కూర్చోబెట్టి అడిగినవారు మాత్రం లేరు. మన ఇళ్లలోనూ సబర్ అంటే నోరు మూసుకోవడమని ఆడపిల్లలకు నేర్పుతున్నాము. సబర్ అంటే అది కాదు. కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి యాకూబ్ ప్రవక్త కళ్లు తెల్లబడ్డాయని ఖురాన్ చెబుతున్నది. ఏడుపు విశ్వాసానికి లోపం కాదు. ఇటువంటి చిత్రాన్ని పిల్లలు ఒంటరిగా, అర్ధరాత్రి, చేతి ఫోనులో చూడకూడదు. పదిమందితో చూడాలి, తరువాత మాట్లాడుకోవాలి. ఎవరి మనసైనా మరీ కుంగితే ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అలా చేయడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

మరి రెండు చిత్రాలను క్లుప్తంగా ప్రస్తావిస్తాము. సికింద్రాబాద్ ప్రాంతంలో పుట్టిన శ్యామ్ బెనెగల్ 1994లో తీసిన ‘మమ్మో’లో లాహోరులో దిక్కులేనిదైన ఒక వితంతువు బొంబాయిలోని తోబుట్టువు ఇంట తలదాచుకోవాలనుకుంటుంది. వీసా గడువు ఆమెను బలవంతాన రైలెక్కిస్తుంది. ఏళ్ల తరువాత తిరిగి వచ్చినప్పుడు, ఆమె ఇక్కడ ఉండగలిగే మార్గం ఒక్కటే కనిపిస్తుంది: చనిపోయినట్టు ధ్రువపత్రం. బ్రతకడానికి మరణ పత్రం కావలసి రావడం కన్నా పెద్ద విషాదం ఏముంది? రెండవది సయీద్ అఖ్తర్ మీర్జా 1995లో తీసిన ‘నసీం’. ‘గర్మ్ హవా’ రాసిన కైఫీ ఆజ్మీ ఇందులో మంచాన పడ్డ తాతగా నటించారు. మనవరాలికి పాత రోజుల ఆప్యాయతలు చెబుతూ ఆ తాత 1992 డిసెంబరు 6న కన్నుమూస్తాడు. ఆ తేదీ గురించి ఈ సభకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. దిగులు రెండు విధాలు. పేరు లేని దిగులు మనిషిని లోపల తొలుస్తుంది. తప్పు తనదేనని నమ్మిస్తుంది. అద్దె ఇల్లు దొరకని కుర్రవాడు తన మాటతీరులో లోపం ఉందేమోనని కుమిలిపోతాడు. సలీం మీర్జా ఇంటి కోసం తిరగడం చూశాక అతనికి ఇది తన ఒక్కడి అవమానం కాదని, దీనికి చరిత్ర ఉందని తెలుస్తుంది. పేరు పెట్టిన దుఃఖాన్ని నలుగురి ముందు ఉంచవచ్చు, దరఖాస్తులో రాయవచ్చు, న్యాయస్థానంలో వినిపించవచ్చు. అందుకే ఆ చిత్రం చావుతో ముగియదు. చివరకు రైలుకై బయలుదేరిన సలీం మీర్జా దారిలో ఉపాధి కోరుతూ సాగే ఊరేగింపును చూస్తాడు. ముందు కొడుకు, తరువాత తాను బండి దిగి ఆ జనంలో కలుస్తారు. ఆయన కష్టాలలో ఒక్కటీ తీరలేదు. ఒంటరితనం మాత్రం తీరింది.

మన నేల మీదా ఇటువంటి కథలున్నాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలో సైనిక చర్య తరువాత జరిగినవాటిని విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. ఆనాటి బాధను మన నానీలు, దాదీలు నోట పలకకుండానే వెళ్లిపోతున్నారు. మిగిలినవారు కొద్దిమంది. రేపు ఎవరైనా ఒక ‘గర్మ్ హవా’ తెలుగులో తీయాలనుకుంటే వారి చేతికి మనం ఏమి ఇవ్వగలం?

కనుక మూడు పనులు కోరుతున్నాము. మొదటిది, ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే ఈ నెలలోనే వారి మాటలను ఫోనులో రికార్డు చేయండి. వారు ఏడిస్తే ఆపకండి, తొందర పెట్టకండి. చెప్పనంటే బలవంతం చేయకండి. రెండవది, ఇంటి కాగితాలు బయటకు తీయండి. ఒక పత్రంలో షేక్ ముందు, మరో పత్రంలో వెనుక రాసి ఉంటుంది. తాత పేరున ఉన్న స్థలం మనవల దాకా మారకుండానే ఉంటుంది. ఇవి తీరిక ఉన్నప్పుడే సరిచేసుకోవాలి, నోటీసు వచ్చాక కాదు. ఆ పనిలో సాయం చేయడానికి మావంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు, వారిని పిలవండి. మూడవది, నెలకొక చిత్రం కలిసి చూడండి. పక్కింటి హిందూ, క్రైస్తవ కుటుంబాలనూ ఆహ్వానించండి. అజ్మానీ లేకుండా ఆ కథ పూర్తి కాదు.

 సమావేశం ముగిశాక మేము ఇక్కడే కూర్చుంటాము. కాగితాలు తెచ్చినవారు వరుసగా రావచ్చు.